కౌసర్ వదిలేసిన సగం

కౌసర్ ఏ పనీ పూర్తిగా చేయదు. సగం చేసి, సగం వదిలేస్తుంది. బద్ధకమని అనుకునేరు! ప్రత్తిపాడు మొత్తం గాలించినా అంత చురుకైన పిల్ల దొరకదు. వదిలేసే సగాన్ని కూడా ఎంతో శ్రద్ధగా, చెమటోడ్చి వదిలేస్తుంది.

ఈ జబ్బు ఎనిమిదో తరగతిలో అంటుకుంది. సైన్సు టీచరు అఖిల రెండు కుండీల్లో మెంతులు చల్లించి, ఒకటి ఎండలో, ఒకటి బీరువాలో పెట్టించింది. "ఎండలోది ఒక్కటే పెడితే ఏం తెలుస్తుంది? పోల్చుకోడానికి పక్కన ఒకటి వట్టిది ఉండాలి" అని చెప్పిందట. క్లాసంతా ఆ మాట రాసుకుని, పరీక్షలో రాసి, అక్కడే మర్చిపోయింది. కౌసర్ మర్చిపోలేదు. ఆ రోజు నుంచి ఎవరేం చెప్పినా ఒకటే ప్రశ్న: "మరి వట్టిది ఏది?"

వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక్క పిట్టగోడ. మా వసారాలో పుస్తకాల బీరువా ఉంది. దానికోసం ఆ గోడ దూకి వచ్చేది. గేటుందే అంటే, గోడ దూకితే ఎంత సేపు, గేటు తిరిగొస్తే ఎంత సేపు చూస్తున్నానండీ అనేది. ఒకరోజు మాటల్లో గొప్పకు పోయాను.

"రోజూ ఒక ఉసిరికాయ తింటానే. అందుకే ఈ వయసులోనూ సూదిలో దారం ఎక్కిస్తాను."

"రెండు కళ్ళకూ తిన్నారా మామ్మగారూ?"

"కళ్ళకేమిటే? నోటితో తిన్నాను."

"అదేనండీ! తినని కన్ను లేదుగా! మరి ఉసిరికాయ వల్లేనని ఎలా తెలిసింది?"

ఆలోచించి చూశాను. నిజమే, తెలియలేదు. ఇప్పటికీ ఉసిరికాయ కొరుకుతుంటే ఎడమ కన్ను మూసుకోవాలేమోనని అనిపిస్తుంది.

వాళ్ళ నాన్న గౌస్ బాషా, పొలాల్లో మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేస్తాడు. పొదిలిలో బంధువుల పెళ్ళికని తెల్లచొక్కా ఉతకమని కూతురికిచ్చాడు. కొత్త సబ్బుపొడి అప్పుడే ఇంట్లోకి వచ్చింది. ఇంకేముంది! రెండు బకెట్లు పక్కపక్కన పెట్టి, చొక్కా కుడి సగాన్ని కొత్త పొడిలో, ఎడమ సగాన్ని పాత సబ్బునీళ్ళలో నానబెట్టింది. తెల్లవారుజామున హడావుడిగా తొడుక్కుని బస్సెక్కాడు పాపం. పెళ్ళిలో ఫొటోగ్రాఫరు, "బాషా భాయ్, సగం నీడలో ఉన్నావు, ఇటు జరుగు" అన్నాడట. జరిగాడు. "ఇంకా నీడలోనే ఉన్నావు, ఇంకొంచెం" అన్నాడట. అలా జరిగి జరిగి పెళ్ళికొడుకు ఒళ్ళో కూర్చోబోయాడట.

ఇంటికొచ్చి కేకలేశాడు. కూతురు చొక్కాను ఎండకు పట్టి గంతులేసింది. "అబ్బా, చూడు చూడు! కొత్త పొడే నయం!"

"పొడి సంగతి సరేనే, నా పరువు?"

"దానికి వట్టిది లేదు అబ్బా, పోల్చలేం."

దోమల సంగతి చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను. వేపనూనెలో కొబ్బరినూనె కలిపి, రాత్రి పడుకునే ముందు ఇంటిల్లిపాదికీ పులిమింది. తెల్లారి గోడ మీంచి ఒక మొహం లేచింది. ఎవరో పోల్చుకోలేకపోయాను. బుగ్గలు బూరెలయ్యాయి, ఒక కన్ను పూడిపోయింది.

"మామ్మగారూ! సక్సెస్! ఎంత బాగా కుట్టాయో చూడండి!"

"ఇదేం సక్సెసే? నూనె పనిచెయ్యలేదా?"

"చేసింది! మా నానీకి ఒక్కటి కూడా కుట్టలేదు. నేను వట్టిదాన్ని కదండీ!"

నానీ అంటే వాళ్ళ అమ్మమ్మ మాబూబీ. ఆవిడ అవతల నుంచి నెత్తి కొట్టుకుంటోంది. "ఈ పిల్లని కన్నదా నా కూతురు, కొనుక్కొచ్చిందా!"

ఇక చదువు. తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టుకు సైన్సు పాఠాలను రెండుగా పంచింది. సగం తనే కూర్చుని చదువుకుంది. మిగతా సగం మా వసారాలో నాకు పాఠంగా చెప్పింది. గుండెకు గదులెన్ని, రక్తం ఏ తలుపులోంచి వచ్చి ఏ తలుపులోంచి పోతుంది అన్నీ చెప్పింది. నేను అడ్డదిడ్డంగా అడిగినవాటికి జవాబు తెలియక, గోడ దూకి వెళ్ళి పుస్తకం చూసి, మళ్ళీ దూకి వచ్చి చెప్పింది. నాకు చెప్పిన సగంలో ఒక్క మార్కూ పోలేదు. తనే చదువుకున్న సగంలో దాదాపు ఏమీ రాలేదు.

అఖిల టీచరు మండిపడింది. "ఏంటే ఇది, సగం మార్కులు?"

"భలే వచ్చింది టీచర్! ఎవరికైనా చెబితేనే మనకి తెలుస్తుంది! ఇప్పుడు రుజువుంది!"

నేను జీవితమంతా మౌనంగా చదువుకున్న మనిషిని. బీరువా నిండా పుస్తకాలు, ఎవరికీ చెప్పింది లేదు. ఆ పూట అరలన్నీ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఇందులో నా వట్టి సగం ఎంతో!

ఉప్మా సంగతి కూడా చెప్పాలి, తర్వాత దాంతో పనుంది. ఒకనాడు పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే, ఉప్పు వెయ్యవే అని చెప్పి పాలవాడి దగ్గరికి వెళ్ళాను. వచ్చేసరికి ఒక గిన్నె రెండు గిన్నెలైంది. ఒకదాంట్లో ఉప్పుంది, ఒకదాంట్లో లేదు. ఉప్పున్నది నా ముందు పెట్టి, లేనిది తను తింటూ కూర్చుంది.

"ఎలా ఉందే?"

"వట్టిది వట్టిగానే ఉందండీ!" అంది, అదేదో పరమాన్నమైనట్టు.

అసలు కథ మిరపకాయలతో మొదలైంది. సీజనులో మాబూబీ కోల్డ్ స్టోరేజీ పక్క షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఎర్రటి కుప్పల మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని సాయంత్రం దాకా తుంచుతూనే ఉంటారు. పని దిగేసరికి చేతులు భగభగ. కుళాయి దగ్గరికి పరుగెత్తి కడుక్కుంటారు. మంట ఇంకా రేగుతుంది. ఇంటికొచ్చి మజ్జిగలో ముంచుకుంటారు. రాత్రి తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటారు. ఎవర్నడిగినా, ఈ పని అంతేనమ్మా అంటారు.

ఒక మధ్యాహ్నం కౌసర్ గోడ దూకడం కాదు, గోడ మీంచి ఎగిరిపడింది.

"మామ్మగారూ! మిరప ఘాటు నీళ్ళలో కరగదు! నూనెలో కరుగుతుంది! వీళ్ళంతా నీళ్ళతో కడుగుతున్నారు!"

"ఎక్కడ చదివావే?"

"మీ బీరువాలోనే! కింది అరలో!"

ఆ పుస్తకం నేనూ చదివాను. ఆ వాక్యం మీదుగా హాయిగా నడిచి వెళ్ళిపోయాను.

పద్ధతి తయారైంది. పని దిగగానే నీళ్ళ జోలికి పోకుండా ముందు నూనె రాయాలి, శనగపిండితో నలిచి తుడవాలి, ఆ తర్వాత సబ్బు. పోలిక లేకుండా కౌసర్ ఊరుకుంటుందా! ఒక్కొక్కరికీ కుడి చేతికి నూనె, ఎడమ చేతికి వట్టి నీళ్ళు. తేడా తెలియాలని అఖిల టీచరు ఫోనుతో చేతులకు ఫొటోలు కూడా.

మొదటి రోజు సాయంత్రం షెడ్డులో మాబూబీ పక్కన తొడిమలు తీసే కోటిరత్నం గొంతు మా వీధిదాకా వినిపించింది. ఆవిడ గొంతుకు మైకు అక్కర్లేదు.

"ఏమే పిల్లా! కుడి చెయ్యి హాయిగా ఉంది. మరి ఎడమది ఏం పాపం చేసిందే?"

"అది వట్టిది పిన్నీ!"

"వట్టిదా? అందులో నిప్పులున్నాయే తల్లీ! ఈ చేత్తో నిన్ను దీవించి ఆ చేత్తో నాలుగు తగిలిస్తాను, ఉండు!"

మర్నాటి నుంచి మాత్రం కేకలు ఆగిపోయాయి. అలవాటు పడ్డారు కాబోలు అనుకున్నాను. కౌసర్ బడి వదలగానే షెడ్డుకు పోయి, వాళ్ళతోపాటు కుప్ప ముందు కూర్చునేది. నా దగ్గరికి వస్తే పుస్తకాన్ని చేత్తో తీసుకునేది కాదు, రెండు మోచేతుల మధ్య ఇరికించుకుని పోయేది. ఇదేం ప్రయోగమే అంటే పకపకా నవ్వేది. ఇంత వింత పిల్లలో ఇంకో వింత. పట్టించుకోలేదు.

ప్రాజెక్టు జిల్లా సైన్సు ప్రదర్శనకు ఎంపికైంది! వాళ్ళ బడి నుంచి జిల్లాకు వెళ్ళడం ఇదే మొదలు. అఖిల టీచరు కాలు నేల మీద నిలవలేదు. కౌసర్‌కు అంతకన్నా పెద్ద ఆశ ఉంది. "ఇక్కడ గెలిస్తే రాష్ట్రానికి పంపిస్తారు మామ్మగారూ! అక్కడ మిర్చి యార్డు పెద్దలు కూడా వస్తారట. ఒక్కసారి చూస్తే ప్రతి షెడ్డులో ఒక నూనె డబ్బా పెట్టించరూ!" గౌస్ బాషాకు స్ప్రేయర్ల సీజను, ఊపిరాడటం లేదు. తోడుగా నేను బయల్దేరాను.

గుంటూరులో ఆ హాలు చూడాలి! ఒక పక్క అగ్నిపర్వతం బుసబుసమని నురగలు కక్కుతోంది. ఒక పక్క సిరంజీలతో చేసిన క్రేను అగ్గిపెట్టెను ఎత్తుతోంది, దించుతోంది. దాచేపల్లి పిల్లలు సిమెంటు ధూళి పట్టే యంత్రం తెచ్చారు, అది పక్క స్టాలు వాళ్ళ చార్టును కూడా పట్టేసింది. ఈ గోలలో మా కౌసర్ గొంతు కోటిరత్నంతో పోటీ పడుతోంది. "రండి సార్! నూనె చెయ్యి ఇది, నీళ్ళ చెయ్యి ఇది!"

జడ్జిగారు వచ్చారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఫొటోలకు మొహం ఆనించి చూశారు. ఒక ఫొటో, ఇంకో ఫొటో. మళ్ళీ మొదటిది.

"అమ్మాయ్, నూనె చేతులు తలోరకంగా ఉన్నాయి. మరి రెండో రోజు నుంచి ఈ నీళ్ళ చేతులన్నిటికీ బొటనవేలు మీద ఒకే మచ్చ ఉందేం?"

ఆ మచ్చ నాకు తెలుసు. కౌసర్ వాళ్ళ నాన్న కొట్లో సోల్డరింగు పుల్లతో కాల్చుకుంది. అఖిల టీచరు మొహం పాలిపోయింది. చుట్టూ పిల్లలు మూగారు. ఎవరో "కాపీ" అన్నారు కూడా.

"అవి నా చేతులే సార్" అంది కౌసర్. "చార్టు చివర చెబుదామనుకున్నాను, మీరు ముందే పట్టేశారు."

"నీవెందుకు?"

"మొదటి రోజు వాళ్ళవే సార్. ఆ రాత్రి మా నానీ ఎడమ చెయ్యి తడిగుడ్డలో పెట్టుకుని కూర్చునే ఉంది. మందు ఇదీ అని నాకు తెలుసు. తెలిసి రెండో చేతికి రాయొద్దని ఎలా చెప్పాలి సార్? మర్నాటి నుంచి అందరికీ రెండు చేతులకూ రాసేశాను. కానీ వట్టిది కావాలి కదా. అందుకని నేనూ తొడిమలు తీసి, నీళ్ళతోనే కడుక్కున్నాను."

అప్పుడు తీసింది, జడ్జిగారు రాగానే వెనక దాచుకున్న చేతులు. మిరపపళ్ళే.

జడ్జిగారు కళ్ళజోడు సరిచేసుకున్నారు. "వాళ్ళవి ఏళ్ళుగా కాయకట్టిన చేతులు. నీవి లేత చేతులు. ఈ పోలిక చెల్లదమ్మా."

"చెల్లదు సార్, నాకూ తెలుసు. తప్పే. కానీ వట్టిదిగా ఇంకెవర్నీ పెట్టబుద్ధి కాలేదు."

ఆయన మార్కులు వేసుకుని నాలుగడుగులు వేశారు. మళ్ళీ వెనక్కి వచ్చి గొంతు తగ్గించారు. "మా ఆవిడ పచ్చళ్ళ రోజుల్లో అల్లాడిపోతుంది. నూనె ముందా, శనగపిండి ముందా?"

"నూనె ముందు సార్! నీళ్ళు ముట్టుకోనివ్వకండి!"

మొదటి బహుమతి క్రేనుకు వెళ్ళింది. మాకు పాల్గొన్నందుకు ఒక సర్టిఫికెట్టూ, సమోసా వచ్చాయి. దారిలో కౌసర్ దిగులుపడలేదని కాదు. ఆటో గుంటూరు పొలిమేర దాటేదాకా పడింది. ఆ తర్వాత, "మామ్మగారూ, ఎవరికీ మంట లేకుండా పోల్చే ఉపాయం ఉంటుందంటారా?" అని మొదలుపెట్టింది.

నేను వినడం లేదు. నా బుర్రలో దోమలూ ఉప్మా తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళూ ఈ పిల్ల ఏ ప్రయోగం చేసినా ఆ వట్టి సగంలో ఎవరున్నారు? బాషా చొక్కా, షెడ్డులో మొదటి రోజు తప్ప, అన్నిట్లోనూ తనే ఉంది!

షెడ్డు దగ్గర ఆడవాళ్ళు ఆటో ఆపించారు. టీచరు ఫోను చేసి చెప్పిన కబురు మా కన్నా ముందే చేరింది. కోటిరత్నం కౌసర్‌ను రెక్క పట్టుకుని దింపి కుప్ప పక్కన కూలేసింది. మాబూబీ నూనె గిన్నె పట్టుకొచ్చింది.

"ఒక్క చెయ్యి వదిలెయ్యి నానీ! పోల్చాలి!"

"నోరుమూసుకో. రెండూ పట్టు."

"మరి వట్టిది ఏది?"

"ఈ రోజు వట్టిది లేదే పిచ్చిమొహమా!" అని కోటిరత్నం శనగపిండి దోసెడు పోసింది. చేతులకే కాదు, మొహానికి కూడా పట్టింది. అక్కడితో ఆగలేదు, షెడ్డు యజమాని వైపు తిరిగి గొంతెత్తింది. "చూశారుగా బాబూ! రేపట్నుంచి ఇక్కడ నూనె డబ్బా ఉండాలి. లేకపోతే కుప్ప ముట్టం!" మర్నాడు డబ్బా వచ్చింది. యార్డు పెద్దలు దాన్ని ఇంకా చూడలేదు. కోటిరత్నం వాళ్ళ అక్క పని చేసే పక్క షెడ్డు మాత్రం చూసింది, అక్కడా ఒకటి వెలిసింది.

ఆదివారం పొద్దున్నే కౌసర్ గోడ మీంచి దూకింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. నేను కావాలనే ఉప్పు వెయ్యమని చెప్పి బయటికి వెళ్ళాను. వచ్చేసరికి అనుకున్నట్టే రెండు గిన్నెలు. ఉప్పున్న పళ్ళెం నా వైపు జరిపి, లేనిదాని మీదకు చెయ్యి చాచింది. చటుక్కున లాక్కున్నాను.

"అది వట్టిదండీ మామ్మగారూ!"

"తెలుసే. ఈ పూట వట్టిదాన్ని నేను."

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. తను తినడం మానేసి, కళ్ళింతలు చేసుకుని, నా మొహానికి మొహం ఆనించింది.

"ఎలా ఉంది?"

"గడ్డి తిన్నట్టుందే."

కౌసర్ ఎగిరి గంతేసింది. "సక్సెస్ మామ్మగారూ! ఇన్నాళ్ళూ నాకొక్కదానికే అలా అనిపిస్తోందేమో అనుకున్నా!"