ఇంటర్‌లో చేర్చడానికి వెళ్ళిన రోజు

పదో తరగతి పాసయ్యాక నేనేం చదవాలన్నది మా ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు. అక్క ఏలూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. నేనూ అక్కడే చేరాలి. మా నాన్న కొల్లేటి పక్క ఊళ్ళో స్కూలు టీచరు. ఆయన లెక్కలో చదువంటే ఇంటర్, ఆ తర్వాత ఇంజనీరింగ్. డిప్లొమా అంటే మార్కులు రాని పిల్లలు చేరేది.

నాకేమో డిప్లొమా మీదే మనసు. గణపవరం దగ్గర మావయ్యకి చేపల చెరువుంది. అక్కడ మోటార్లు కాలిపోతే మెకానిక్ వచ్చి విప్పుతుంటే సెలవుల్లో పక్కనే కూర్చుని చూసేదాన్ని. ఎవరికీ పెద్దగా చెప్పకుండానే పాలీసెట్ రాశాను. తాడేపల్లిగూడెం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ సీటొచ్చింది. ఫోన్‌లో మెసేజ్ చూపిస్తే నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"బాగుందమ్మా. సరదాగా రాశావు, వచ్చింది. ఇక ఆ సంగతి వదిలెయ్యి" అన్నారు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురం ఏలూరు బస్సెక్కాం. అక్కని చూసినట్టూ ఉంటుంది, నన్ను చేర్చినట్టూ ఉంటుందని నాన్న ఆలోచన. క్రిస్మస్‌కి వచ్చి వెళ్ళిన అక్క మళ్ళీ ఇంటికి రాలేదు. వేసవిలోనే సెకండియర్ క్లాసులు మొదలుపెట్టేశారట. అమ్మ సంచిలో రొయ్యల వేపుడు, కొబ్బరినూనె సీసా, దువ్వెన పెట్టుకుంది. వెళ్ళినప్పుడల్లా అక్కకి తలకి నూనె రాసి జడ వేసి రావడం అమ్మకి అలవాటు. నడుం దిగిన జడ అక్కది.

హాస్టల్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టే హాలు జనంతో కిక్కిరిసి ఉంది. మెట్ల మీద నుంచి పిల్లలు ఒక్కొక్కళ్ళే దిగి వస్తున్నారు. అందరివీ ఒకటే యూనిఫారాలు. ఒకమ్మాయి మా ముందుకొచ్చి నిలబడింది. అమ్మ ఆ అమ్మాయి భుజం మీదుగా మెట్ల వైపు చూస్తూ, "ఏమ్మా, మా పెద్దమ్మాయిని కాస్త పిలుస్తావా? సెకండియర్" అంది.

"నేనేనమ్మా" అంది ఆ అమ్మాయి.

అక్క జుట్టు చెవుల దగ్గరికి కత్తిరించేసి ఉంది. మెడ సన్నగా, పొడుగ్గా, ఎవరిదో మెడలా ఉంది. అమ్మ కన్నకూతుర్నే పోల్చుకోలేకపోయింది. పక్కనే ఉన్న నేనూ పోల్చుకోలేదు.

వార్డెన్ గబగబా వచ్చింది. "కంగారు పడకండమ్మా. మేమేం బలవంతం చెయ్యలేదండి. తలస్నానాలకీ జడలకీ పొద్దున్న టైమంతా పోతోందని పిల్లలే జుట్టు కత్తిరించేసుకుంటున్నారండి."

"అవునమ్మా, నేనే అడిగాను" అంది అక్క. ఆ గొంతులో ఏడుపూ లేదు, కోపమూ లేదు. పాఠం అప్పజెప్పినట్టుంది. చర్చిలో అందరికంటే గట్టిగా పాడే మనిషి. రొయ్యల వేపుడు తింటూ కూడా గోడ గడియారం చూస్తూనే ఉంది.

చివరికి నాన్న, "ఇంటికొచ్చేస్తావా అమ్మా?" అని అడిగారు.

అక్క ముద్ద దించేసి ఆయన్ని వింతగా చూసింది. "ఎందుకండీ నాన్నగారూ? నేను ఫస్ట్ సెక్షన్‌లో ఉన్నాను."

వెళ్ళబోతూ నా చెయ్యి పట్టుకుంది. "నీకు మోటార్లు విప్పడం ఇష్టం కదే. ఇక్కడ విప్పడానికేం ఉండదు" అంది. బెల్లు కొట్టారు. వెనక్కి చూడకుండా మెట్లెక్కేసింది.

నాన్న ఆఫీసు గది వైపు వెళ్ళలేదు. తిన్నగా గేటు బయటికి నడిచారు. బస్టాండులో అమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని ఎటో చూస్తూ కూర్చుంది. నాన్న నా వైపు తిరిగి, "గూడెంలో ఎప్పటిలోగా చేరాలి?" అన్నారు. నేను విన్నది నిజమేనా అనిపించింది.

"ఒప్పుకున్నానని అనుకోకు. డిప్లొమా మీద నా అభిప్రాయం మారలేదు. ఇంకో పిల్లని అక్కడ వదిలి రాలేను, అంతే" అన్నారు.

మర్నాడు తాడేపల్లిగూడెం వెళ్ళి చేరాను. మొదటి ల్యాబ్‌లోనే వైరు చుట్టబోయి వేలు కోసుకున్నాను, అయినా ఇంటికొచ్చాక చెప్పలేదు. చెబితే నాన్న మాన్పించేస్తారేమోనని భయం. డిప్లొమా పూర్తి చేసి ఇప్పుడు భీమవరంలో సబ్‌స్టేషన్ పనులు చేసే కంపెనీలో ఉన్నాను. అక్కకి కోరుకున్న ఇంజనీరింగ్ సీటే వచ్చింది. ఆ రెండేళ్ళూ తనకి మంచే చేశాయని ఇప్పటికీ అంటుంది.

ఈమధ్య ఫోన్‌లో ఆ ఆదివారం మాటొచ్చింది. నేనెంత భయపడ్డానో చెప్పాను.

"జుట్టు పోయినందుకు నాకేం బాధనిపించలేదే" అంది అక్క. "మీ ముగ్గురూ నన్ను చూసిన చూపుకి మాత్రం వారం రోజులు నిద్రపట్టలేదు."