అడిగిన వాళ్ళందరికీ సరేనన్న ఫోన్

మా మేనత్తది సుగటూరు. పట్టుపురుగులు పెంచుతుంది. రోజూ పొద్దున్నే మార్కెట్లో పట్టుగూళ్ళ ధర ఎంతుందో ఫోన్లో తనే చూసుకునేది. ఎవరినీ అడగక్కర్లేని ఆ ఒక్క పని అంటే ఆమెకు మహా గర్వం. అలాంటిది, ఆ ఫోన్‌ను గుడ్డలో చుట్టి అటక మీద పడేసిందని తెలిసి, ఆదివారం మా ఊరు చాంపియన్ రీఫ్స్ నుంచి బస్సెక్కి పోయాను. బెంగళూరులో ఉండే ఆమె కొడుకు, అంటే మా బావ, దాన్ని తీసేసుకుని బటన్ల ఫోన్ ఇస్తాడట. ధర తనే చూసి రోజూ చెబుతాడట. నాకు ఒళ్ళు మండింది.

ఫోన్ తెరిస్తే సంత. 'మీ ఫోన్ ప్రమాదంలో ఉంది', 'మీకు బహుమతి వచ్చింది' అంటూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. అందులో ఉన్నది ఫోన్‌తో పాటే వచ్చిన, ఊరూ పేరూ తెలియని బ్రౌజర్. దానికి అప్‌డేట్లే లేవు. పైగా, నోటిఫికేషన్లు పంపమంటారా అని అడిగిన ప్రతి సైటుకూ అత్త 'అనుమతించు' నొక్కేసింది.

"ఎందుకు నొక్కినావత్తా?"

"పాపం, అడుగుతా ఉండారు కదప్పా. ఇంటికొచ్చి అడిగినోళ్ళను వద్దంటామా?"

నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఇంతలో పురుగులకు ఆకు వేసే వేళయింది. ఆమె వెనకాలే పోతే పురుగుల గది గుమ్మం దగ్గరే నన్ను ఆపేసింది.

"ఆడే నిలబడు. నువ్వు యాడయాడ తిరిగొచ్చినావో. పోయిన పంటలో మా చెల్లెలు టమాటా తోటకు మందు కొట్టి నేరుగా వచ్చింది. దాన్నే లోపలికి రానియ్యలేదు."

"సొంత చెల్లెల్ని వద్దన్నావా?"

"పురుగులు చచ్చిపోతాయి కదప్పా. దాంట్లో మొగమాటం ఏముండాది?"

"ఈ ఫోన్లో నీ బ్యాంకు ఖాతా ఉండాదత్తా. ఎవర్ని పడితే వాళ్ళని రానిస్తే ఎట్ల?"

ఆకు వేయడం అయ్యాక అత్త బయటికి వచ్చి, "ఆ ఫోన్ తీసుకురా" అంది.

ఇచ్చిన అనుమతులన్నీ తీసేశాం. నాకు ఇష్టమైన బ్రౌజర్ ఒకటి వేశాను. అది ఎంత కట్టుదిట్టమంటే, ధరల పేజీని కూడా తెరవనివ్వలేదు. నేను భద్రత గురించి పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టాను.

"భద్రం సరేనప్పా. ధర కనపడకపోతే నాకెందుకు?"

నిజమే. ఇంకొకటి వేశాను. అప్‌డేట్లు సరిగ్గా వస్తాయి, దొంగ సైటు అయితే ముందే హెచ్చరిస్తుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నా ధరల పేజీ తెరుచుకుంది. అత్త మూసి, మళ్ళీ తెరిచి, వాకిట్లోకి పోయి ఇంకోసారి చూసి, "ఇది ఉండనీ" అంది.

ఏదో వార్తల సైటు అప్పుడే అనుమతి అడిగింది. ఆమె వేలు కాసేపు ఆగి 'వద్దు' మీద పడింది.

"వాళ్ళు ఏమన్నా అనుకుంటారేమో" అని నా వైపు చూసింది. అనుకోరులే అన్నాను. ఆ మొహం చూస్తే జాలేసింది.

నేను బయలుదేరుతుండగా బావ ఫోన్ చేశాడు. బటన్ల ఫోన్ కొన్నాడట, వచ్చేవారం తెచ్చి ఇది తీసుకుపోతాడట. నేను మాట్లాడదామని చెయ్యి చాపాను. అత్త ఇవ్వలేదు. కొడుకంటే ఆమెకు ప్రాణం. వాడి మాట ఆమె కాదనడం నేనెప్పుడూ వినలేదు.

"వద్దు నాయనా" అంది. "ధర నేనే చూసుకుంటా."