ఎర్రగీత రాని రోజు

ఆ రోజుల్లో నాకు ప్రోగ్రామింగ్ వచ్చని గట్టిగా నమ్మేవాణ్ణి. నమ్మడమేమిటి, ఇంజినీరింగ్ పట్టా చేతిలో పెట్టి మరీ నమ్మమన్నారు. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది గానీ, అప్పుడు వాడికి తన మీద తనకున్న గౌరవం అంతా ఇంతా కాదు. కాలేజీలో మేం ప్రోగ్రాములు రాసింది ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌లో. రాసుకునే ఎడిటరు, తప్పులు పట్టేది, నడిపి చూపించేది, అన్నీ అందులోనే ఉండేవి. ఒక్క అక్షరం కొడితే చాలు, మనకు కావలసిన మాటలన్నీ లిస్టు కట్టి కిందికి దిగేవి. వాటిలో ఒకటి ఎంచుకుని ఎంటర్ నొక్కడమే మన పని. బ్రాకెట్టు మనం తెరిస్తే అది మూసేది. తప్పు రాస్తే కింద ఎర్రగీత గీసేది, ఆ గీత మీద మౌస్ పెడితే ఎలా దిద్దుకోవాలో కూడా అదే చెప్పేది. మా ఇంట్లో అమ్మ వడ్డనా అచ్చం ఇంతే. పప్పు కలిపేలోపే నెయ్యి పడేది. నాకేం కావాలో నేను నోరు తెరిచి అడిగిన జ్ఞాపకం లేదు. (మా వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో నాకు పెళ్లయ్యాక తెలిసింది. అదీ మా ఆవిడ చెప్తే.)

ఇంత చదువూ చదివి ఏడాది దాటినా ఉద్యోగం లేదు. బందరులో మా ఇల్లు చిలకలపూడి వైపు. పక్కింట్లో దిద్దుల పిన్ని ఉండేది. మాకేమీ చుట్టం కాదు, రోల్డుగోల్డు దిద్దులకు రాళ్లు అతికేది, వీధి మొత్తానికీ పిన్నే. అరుగు మీద కూర్చుని రాళ్లు అతుకుతూనే వచ్చేపోయేవాళ్లందరినీ చూసేది. నేను కనిపిస్తే చాలు, "ఏం నాయనా, ఇంకా ఎక్కడా కుదర్లేదా?" అనేది. పాపం ప్రేమగానే అనేది, అదే నా ప్రాణానికొచ్చేది. నాన్న నన్ను చూడగానే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు, అదింకా భయంగా ఉండేది. అమ్మ మాత్రం నేను గడప దాటిన ప్రతిసారీ మంచి శకునం కోసమని ఎదురొచ్చి నిలబడేది. ఈ ఉద్యోగమనేది రాకపోతే నేను ఇంట్లో కుర్చీలాగా మిగిలిపోతానని నాకు నిశ్చయంగా అనిపించేది.

అలాంటి సమయంలో గుడివాడ నుంచి పిలుపొచ్చింది. రొయ్యల మేత కొట్టు పైన రెండు గదుల ఆఫీసు, చెరువుల వాళ్లకు లెక్కల ప్రోగ్రాములు రాసిపెట్టే కంపెనీ. యజమానిని కింద కొట్టువాళ్లు మేడమీద సార్ అనేవాళ్లు, నాకూ అదే అలవాటైంది. ఆయన నన్నొక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "ఇదిగో బాబూ, ఏ చెరువుకి ఎంత మేత పడిందో కూడి చూపించాలి. చిన్నదే, రాయి," అన్నారు. తెర మీద తెల్లటి కిటికీ ఒకటి ఉంది. అంతే. ఇంకేమీ లేదు.

"సార్, దీన్లో సాఫ్ట్‌వేర్ లేదాండీ?" అన్నాను.

"ఎడిటరుంది కదా. మేం అందరం ఇందులోనే రాస్తాం. రాసేది ఇక్కడ, నడిపేది వేరే చోట. దేని దారి దానిది, హాయి."

ఒక అక్షరం కొట్టి ఆగాను. ఏమీ దిగలేదు. ఇంకాసేపు ఆగాను. ఆయన వెనకనుంచి, "ఆలోచిస్తున్నావా?" అన్నారు.

"లేదండీ, రావాలండి."

"ఎవరు?"

"లిస్టండి."

ఆయన ఒకసారి గుమ్మం వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, పక్కగదిలోకి వెళ్లిపోయారు. ఇక చేసేదేముంది, దేవుడి మీద భారం వేసి రాయడం మొదలుపెట్టాను. రాసేకొద్దీ నాకొక వింత కనపడసాగింది. ఎర్రగీత రావడం లేదు. నా జన్మలో ఎర్రగీత లేకుండా నేను పట్టుమని ఒక వరస రాసి ఎరగను. అలాంటిది పేజీకి పేజీ మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఉత్త ఎడిటరుకి ప్రోగ్రామూ, పచారీ సామాన్ల చీటీ ఒకటేనని, మంచీ చెడ్డా దానికి పట్టదని నాకెవరు చెప్పారు? కష్టాల్లో పడితే తెలివి దానంతటదే బయటికొస్తుంది కాబోలు అనుకున్నాను. ఆ కాసేపు నా మీద నాకు కలిగిన ప్రేమ మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

"అయిపోయిందండీ," అన్నాను. "అప్పుడేనా? సరే, భోంచేసి రా. ఈలోగా నడిపి చూస్తాను," అన్నారు సార్. మెట్లు దిగుతూనే అమ్మకు ఫోన్ చేశాను.

"ఒక్క తప్పు కూడా రాలేదమ్మా."

"అంటే ఇచ్చినట్టేనా?"

"ఇవ్వక ఏం చేస్తారు?"

ఆ మాట నా నోటినుంచి ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు. నేను మెస్సులో సాంబారు కలుపుకుంటుండగా అమ్మే ఫోన్ చేసింది. బందరు లడ్డూలు తెప్పించి వీధంతా పంచేసిందట. "ఎప్పుడు చేరాలని పిన్ని అడుగుతుందిరా, సోమవారమని చెప్పేశా," అంది. ఆ గొంతులో సంతోషం విన్నాక నాకూ సోమవారమే నిజమనిపించింది.

తిరిగి మేడెక్కేసరికి సార్ తెరను నా వైపు తిప్పారు. తప్పుల జాబితా పైనుంచి కిందికి దిగుతూనే ఉంది, ఆగటం లేదు. (కాలేజీలో దిగే లిస్టుకోసం ఎదురుచూశాను కదా, దిగింది.) నేను తెరిచిన బ్రాకెట్టు ఒక్కటీ మూయలేదు. ఎప్పుడు మూశాను గనక? ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. నెమ్మదిగా, "బాబూ, ఇంజినీరింగ్ చదివింది నువ్వా, మీ సాఫ్ట్‌వేరా?" అని అడిగారు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

గుడివాడ పాసింజర్ రోజూ ప్రతి స్టేషన్లోనూ తాపీగా ఆగేది, ఆరోజు మాత్రం పరుగెత్తింది. పెడన దాటాక రైలు బందరు చేరకుండా ఏదైనా అడ్డుపడితే బాగుండనుకున్నాను. వీధిలో అడుగు పెట్టగానే పిన్ని అరుగు దిగొచ్చి నా తల నిమిరి, "సాధించావు నాయనా," అంది. అమ్మను వంటింట్లోకి తీసుకెళ్లి సంగతి చెప్పాను. పీట మీద కూలబడింది. "మరి అందరూ తినేశారు కదరా," అంది. తర్వాత లేచి బియ్యం కడుగుతూ, "సోమవారం వెళ్లు," అంది.

"ఎక్కడికమ్మా?"

"గుడివాడ. ఉద్యోగానికి."

"ఉద్యోగం లేదమ్మా."

"ఆ సంగతి వీధికి తెలీదుగా."

అలా లేని ఉద్యోగానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారియర్ పట్టుకుని, పిన్ని చెయ్యూపుతుంటే బయల్దేరాను. పొద్దున రైల్లో వెళ్లడం, గుడివాడ ప్లాట్‌ఫాం మీద సాయంత్రందాకా కూర్చోవడం, మళ్లీ రైల్లో రావడం. మధ్యాహ్నం క్యారియర్ విప్పితే అమ్మ కొసరి పెట్టిన దొండకాయ వేపుడు కనపడేది, మళ్లీ మూత పెట్టేసేవాణ్ణి. చచ్చిపోదామనిపించిన రోజులున్నాయి. ఒకరోజు వాన జల్లు ప్లాట్‌ఫాం మీదికి కొడుతుంటే ఇక ఉండబట్టలేక ఆ మేడెక్కాను. "ఉద్యోగం కాదండీ, ఊరికే కూర్చుంటాను. ఆ తెల్ల కిటికీ ఒకటి ఇప్పించండి," అన్నాను. ఎందుకని అడిగితే లడ్డూలతో సహా అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. మూలనున్న కంప్యూటర్ చూపించారు. అక్కడ ఏమీ వడ్డించేవాళ్లు లేరు. నాకు తెలిసిందే తెర మీదికొచ్చేది, తెలిసేదాకా తెర తెల్లగానే ఉండేది. చాలా రోజులు తెల్లగానే ఉంది కూడా. వానాకాలం వెళ్లిపోయాక ఒక సాయంత్రం సార్ నేను రాసింది నడిపి చూసి, "రేపట్నుంచి జీతం రాసుకుంటాను," అన్నారు.

ఇప్పుడు నా కంప్యూటర్లో వడ్డించే సాఫ్ట్‌వేరూ, ఉత్త ఎడిటరూ రెండూ ఉన్నాయి. ఒకటైతే నేను రెండు మాటలు రాసేలోపే మిగతాదంతా బూడిదరంగులో రాసి చూపిస్తుంది. ఏది మంచిదని కొత్తగా చేరిన పిల్లలు అడిగితే ఏదో చెప్తాను గానీ, నాకు మాత్రం సార్ జీతం మాట చెప్పిన ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. స్టేషన్ నుంచి ఇంటిదాకా పరుగెత్తి, "అమ్మా, ఉద్యోగం వచ్చింది," అన్నాను. అమ్మ చప్పున నా నోరు మూసి లోపలికి లాగి తలుపు గడియ పెట్టింది. ఎవరికి చెప్పుకుంటుంది, వీధి లెక్కలో నేను ఎప్పట్నుంచో ఉద్యోగస్తుణ్ణి. డబ్బాలోంచి చారెడు పంచదార తీసి నా నోట్లో పోసింది. నాకు ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ తన కళ్లు కొంగుతో ఒత్తుకుంటూ, "నెమ్మదిగా ఏడవరా," అంది. "పిన్ని వింటే ఉద్యోగం పోయిందనుకుంటుంది."