తాటిదోనెలో ఇంగ్లీషు

మొన్న తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి ఇంట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. పక్కగదిలో మనవరాలు కుర్చీని ముందుకీ వెనక్కీ ఊపుకుంటూ "ఐ గో, యూ గో, షి గోస్" అని వల్లె వేస్తోంది. "కుదురుగా కూర్చుని చదవలేవుటే?" అని వాళ్ళమ్మ కసిరింది. "ఊగనియ్యవే తల్లీ, కుదురుగా కూర్చుంటే ఇంగ్లీషు రాదు" అన్నాను. నాకు చాదస్తం ముదిరిందన్నట్టు చూసింది. ముదిరితే ముదిరింది గానీ, ఆ మాట ఒకప్పుడు ఏలూరు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మే ఒప్పుకుంది.

పందొమ్మిది వందల ముప్పైల నాటి సంగతి. మాది కొల్లేటి లంక, బడి పక్క లంకలో. మధ్యన నీళ్ళూ, కిక్కిస గడ్డి దుబ్బులూ. రోజూ తాటిబోదె తొలిచిన దోనెలోనే బడికి రాకపోకలు. ఏలూరులో ట్రైనింగై వచ్చిన మా మేనత్తే ఆ బడికి టీచరు. ఇంట్లో అత్తయ్య, తాటిదోనె ఎక్కిన క్షణం నుంచీ "టీచరుగారండీ" అనాలి. పొరపాటున అత్తయ్యా అన్నామా, పలికేది కాదు. బడి మీద పెత్తనం మునసబుగారిది. "ఆడపిల్లలకి కూడికలూ కుట్టుపనీ చాలండీ. ఇంగ్లీషు నేర్చుకుని చేపలతో మాట్లాడతారా ఏవిటండీ?" అనేవాడాయన. బడిలో వద్దన్నాడు గదా అని అత్తయ్య దోనెలో మొదలుపెట్టింది. నిన్నటివీ రేపటివీ తర్వాత చూద్దాం, ముందు రోజూ చేసే పనులు చెప్పడం నేర్చుకోండర్రా అంది. గెడకర్ర ఒక్కో పోటుకీ ఒక్కో వాక్యం. గెడ వేసేది నేను, దించుతూ "ఐ పుష్", నెడుతూ "ద బోట్" అనాలి. నన్ను చూపించి మిగతా పిల్లలు "షి పుషెస్ ద బోట్" అనాలి. ఆ చివరి ఎస్సు మేం మింగేస్తుంటే, "షి అంటే ఒంటరి పిల్లే, ఎస్సుని తోడివ్వకుండా పంపకండే" అనేది. ఇక జన్మలో మరిచిపోతే ఒట్టు. దోనెలో ఊరిన నీళ్ళు తోడిపోసే పిల్లా, చేపని పట్టే కొంగా, గట్టు మీద గేదే, మాకు కనబడ్డ ప్రాణి అల్లా ఇంగ్లీషులోనే పని చేసేది.

మా బడి నాలుగో తరగతితో సరి. ఐదు పెట్టాలంటే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి ఇంగ్లీషులో పరీక్ష చేసి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నేను తమ్ముణ్ణి చంకనేసుకుని గేదెల వెంట తిరగాలి. నాకు చదువంటే అంత ఆశ, ఎవరికైనా చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేంత. ఆవిడ రానే వచ్చింది. మునసబుగారు మమ్మల్ని కొత్త చాప మీద బాసింపట్టు వేయించి "కదలకండర్రా" అన్నాడు. "వాట్ డు యూ డు ఎవ్రీ మార్నింగ్?" అని ఆవిడ ఎంతో ప్రేమగా అడిగింది. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు ఒక్కరమూ పెదవి విప్పలేదు. నిలబడి, ఊగుతూ నేర్చిన చదువు మాది. కూర్చోబెడితే ముక్క బయటికి రాదని మాకూ అప్పుడే తెలిసింది. "నేను ముందే మనవి చేశానండీ" అని మునసబుగారు నవ్వాడు. అత్తయ్య తల దించుకుంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

సాయంత్రం ఆవిణ్ణి అవతలి గట్టున దింపే పని మాదే, అత్తయ్యా మాతో దోనె ఎక్కింది. మునసబుగారు రేవు దాకా వచ్చి దణ్ణం పెట్టి నిలబడ్డాడు. గెడ నీళ్ళలో దిగిందో లేదో, నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఐ పుష్ ద బోట్!" వెనకనుంచి పిల్లలందరూ, "షి పుషెస్ ద బోట్!" ఇన్‌స్పెక్టరమ్మ ఉలిక్కిపడి దోనె అంచు పట్టుకుంది. నీళ్ళు తోడుతున్న పిల్లని చూపించి "వాట్ డజ్ షి డు?" అంది. "షి త్రోస్ ద వాటర్ అవుట్!" కొంగని చూపించింది. "ద బర్డ్ ఈట్స్ ఫిష్!" ఆవిడకి హుషారొచ్చి, రేవులో మునసబుగారి వైపు వేలు చూపింది. నేను గెడ గట్టిగా ఒక పోటు వేసి, "హి సేస్ నో!" అన్నాను.

ఆవిడ పడీపడీ నవ్వి, "దోనె వెనక్కి తిప్పండమ్మా" అంది. దిగనైనా దిగకుండా, "మునసబుగారూ, ఐదో తరగతి తెరవండి. వీళ్ళకి ఇంగ్లీషు బాగా వచ్చు" అని కేక వేసింది. "మరి ఇందాక ఒక్కతీ నోరు మెదపలేదేవండీ?" అన్నాడాయన. అత్తయ్య చేతులు కట్టుకుని మహా వినయంగా, "కదలొద్దన్నారు కదండీ మీరు" అంది. మేం వేసిన కేరింతలకి కిక్కిసలో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. అత్తయ్య పిట్టల్ని చూస్తూ కళ్ళు తుడుచుకుంది. గెలుపంటే ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూసింది ఆవిడ మొహంలోనే.

ఐదు చదివాను, ఆ పైన ఏలూరులో చదివాను, నేనూ టీచర్నయ్యాను. అత్తయ్య లేదు. ఆ దోనె ఎప్పుడో చివికిపోయింది. మా నీళ్ళదారిలో ఇప్పుడు చేపల చెరువుల గట్లూ, వాటి మీద లారీలూ. మనవరాలు మాత్రం ఇంకా కుర్చీ ఊపుకుంటూనే ఉంది. "షి పుషెస్ ద బోట్" అని ఇక్కణ్ణుంచే అందించాను, అదీ అందుకుంది. కాలం గడిచిపోయిందని అందరూ అంటారు గానీ, రోజూ చేసిన పని ఎక్కడికి పోతుంది? నా అరచేతుల్లో గెడ బరువు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.