పోలికల తగువు

మా పెదనాన్న డ్రైక్లీనింగ్ షాపులో మరకల బల్ల ఆయన రాజ్యం. సిరా, గ్రీజు, లిప్‌స్టిక్ ఏదైనా సరే, గుడ్డను మరకలు కరిగించే సాల్వెంట్‌తో తడిపి, వట్టి వేళ్ళతో నలిపి, మరక పోయిందో లేదో తడిమి చెప్పేవాడు. చేతికి తొడుగులు వేసుకోమంటే, "గుడ్డతో మాట్లాడేది వేళ్ళేరా. వాటి నోరు మూసేస్తే ఎలా?" అనేవాడు. పిచ్చి గొప్ప.

ఆయన రెండో గొప్ప, కూతురు. నాకు అక్క. "ముక్కు నాది, నడక నాది, మొండితనం నాది. వాళ్ళమ్మ మోసిందంతే," అని వచ్చిన ప్రతి కస్టమర్‌కీ వినిపించేవాడు. వచ్చే నెల నుంచి మరకల బల్ల అక్కదేనని మాట కూడా ఇచ్చాడు.

ఈలోగా ఆయన వేళ్ళు ఎదురుతిరిగాయి. చన్నీళ్ళు తగిలితే కొన్నేళ్ళుగా తెల్లగా పాలిపోయేవి. ఇప్పుడు చర్మం బిగుసుకుపోయి, చొక్కా బొత్తాం పెట్టడానికి పెద్దమ్మ రావలసి వచ్చింది. ఒంటిని కాపాడాల్సిన శక్తి ఒంటిమీదే దాడి చేస్తోందని, ఏళ్ళ తరబడి తగిలిన సాల్వెంట్ దాన్ని రెచ్చగొట్టి ఉండొచ్చని డాక్టర్ చెప్పారు.

"అదే షాపులో, అదే సాల్వెంట్ డబ్బాతో మా తమ్ముడు ఇరవై ఏళ్ళు పనిచేశాడండీ. వాడికి తుమ్ము కూడా రాలేదు," అంది పెద్దమ్మ.

"అందరికీ రాదమ్మా. కొందరి జన్యువుల్లో దానికి లొంగే గుణం ఉంటుంది. అది పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు. ముందే చెప్పలేం."

ఇంటికొచ్చేసరికి పెదనాన్న పార్టీ మార్చేశాడు.

"దీని ముక్కు చూడవే, అచ్చం నీదే."

"పాతికేళ్ళకి కనబడిందా?"

"నడకా అంతే. మీ తమ్ముడి నడక."

"వాడు కుంటుతాడు."

అక్క నవ్వలేదు. "ఒకటో తారీకు నుంచి బల్ల నాది. మాటిచ్చావు నాన్నా."

"వద్దు. కౌంటర్లో కూర్చో."

"అమ్మ పోలికైతే నాకేం కాదుగా. భయమెందుకు?"

పెదనాన్న తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "నా పోలికేనే," అన్నాడు. ఆ మాట ఆయన గొప్పకి చెప్పకపోవడం అదే మొదటిసారి.

"అయితే మొండితనమూ నీదే. బల్ల వదలను. డబ్బానే వదిలేద్దాం."

మర్నాడు సాల్వెంట్ డబ్బాలు అమ్మినవాడి దగ్గరికే తిరిగి వెళ్ళాయి. ఒకటో తారీకున అక్క సబ్బునీళ్ళూ మెత్తటి బ్రష్షూ పెట్టుకుని కూర్చుంది. మొదటి వారమే ఒక ఉన్ని కోటు ముడుచుకుపోయింది. గ్రీజు మరకల బట్టలు సగం వెనక్కి పంపేస్తోంది. నేను నిచ్చెనెక్కి బోర్డు మీద 'డ్రై' అన్న ముక్క కనబడకుండా రంగు పూసేశాను.

దారిన పోయే పాత కస్టమర్ ఆగాడు. "డ్రై ఏమైందండీ?"

"మా అమ్మాయికి పడదు," అన్నాడు పెదనాన్న.

"పడుతుందో లేదో చెప్పలేమన్నారు నాన్నా," అంది అక్క లోపల్నుంచి.

"సరే, నాకు పడదు."