ముసలి బోరు, ఆరు వరుసల చీనీ చెట్లు

మా ఆయన గోదావరి దిక్కున చమురు బావుల దగ్గర పనిచేసేవాడు. పద్నాలుగు రోజులు అక్కడ, పద్నాలుగు రోజులు యాడికి మండలంలో మా ఊళ్ళో. పెళ్ళయినప్పటి నుంచి సగం రోజులు నేను ఒక్కదాన్నే. పిల్లలు లేరు. అందుకని ఒక్కదాన్నే ఉండడం నాకు అలవాటే అనుకున్నాను. అది వేరు, ఇది వేరు. అప్పుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటే పద్నాలుగో రోజుకు మనిషి వచ్చేవాడు.

నాకు చదువు రాదు, సంతకం వరకే. నేను చెబుతుంటే రాస్తున్నారు. చెప్పేది మా బోరు గురించి.

ఆయన పని కొత్త బావుల దగ్గర కాదు. ఏళ్ళ తరబడి తోడి తోడి, చమురు తగ్గిపోయిన పాత బావుల దగ్గర. ఒకసారి బోండాలు వేస్తూ అడిగాను.

"భూమిలో నూనె చెరువు మాదిరి ఉంటాదా?"

"చెరువు కాదే పిచ్చిదానా. ఆ బోండా సూడు, నూనె యాడుండాది? లోపల పీల్చుకోని ఉండాది. ఆడ రాయి గూడ అట్లే. ఎంత తోడినా సగం రాతిలోనే ఉంటాది."

"మరి యట్ల తీస్తారు?"

"ఇంగో బావిలో నుంచి నీళ్ళు లోపలికి తోస్తారు. ఆ నీళ్ళు నూనెను మెల్లగా ఇటు నెట్టుకొస్తాయి. ఆత్రపడి గట్టిగా లాగితే నీళ్ళే దోవ చేసుకోని వచ్చేస్తాయి. నూనె ఆడ్నే నిలిచిపోతాది."

"బావికి ఓపిక కావల్లన్నమాట."

"బావికి కాదే, లాగేవానికి," అని ఇంకో బోండా తీసుకున్నాడు.

సెలవుకు వచ్చినప్పుడు మా బోరును కూడా అట్లాగే చూసేవాడు. బోరు చుట్టూ గుంత తవ్వి, రాళ్ళు, కంకర, ఇసుక నింపి, వానపడితే పొలం నీళ్ళన్నీ అందులోకి ఇంకేటట్టు కాలువ తీశాడు. వాల్వు ఎప్పుడూ సగమే తిప్పేవాడు. గంటసేపు నడిపి రెండు గంటలు ఆపేవాడు. నైలాను తాడుకు బారకొక ముడి వేసి, కొసన ఇనుప నట్టు కట్టి, వారానికొకసారి బోరు గొట్టంలోకి దించేవాడు. నట్టు నీళ్ళను తాకితే లోపల టప్పుమని చిన్న చప్పుడు వస్తుంది. గొట్టానికి చెవి పెట్టి నేను వినేదాన్ని, ఆయన ముళ్ళు లెక్కపెట్టేవాడు. దారిన పోయేవాళ్ళు నవ్వేవారు.

"ఏమప్పా, బోరుకు జరం సూస్తాండావా?"

"అవునప్పా. నీ బోరు మాదిరి సచ్చినాక ఏడ్సేకన్నా ఇదే మేలు."

ఎన్ని మాటలన్నా మా చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయాక మిగిలింది మాదొక్కటే. దాని మీదే ఆరు వరుసల చీనీ చెట్లు, బత్తాయి అంటారే అవి. చీనీ చెట్టు ఒక్క ఎండాకాలం నీళ్ళు లేక ఎండితే ఇక లేవదు. మళ్ళీ నాటి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. నాకు అన్ని ఏళ్ళు లేవు.

ఆయన పోయి రెండేళ్ళు. అన్నం తిని చేయి కడుక్కుంటూ గోడకు ఆనుకుని అట్లాగే కూలబడ్డాడు. పెద్ద దినం అయిన మర్నాడు చుట్టాలంతా బస్సులెక్కి వెళ్ళిపోయారు. నేను తోటకు పోయి తాడు దించాను. చెవి పెట్టడమూ నేనే, ముళ్ళు లెక్కపెట్టడమూ నేనే. ముప్పై ఎనిమిది ముళ్ళ దగ్గర నీళ్ళు తగిలాయి. "ముప్పై ఎనిమిది" అని పైకి అని పక్కకు తిరిగాను. ఎవరూ లేరు. ఆ అంకె నా నోట్లోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి సున్నపుగోడ మీద బొగ్గుతో గీతలు గీశాను, ఎవరికైనా చెప్పినట్టు ఉంటుందని.

ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. మాఘం దాటేసరికి నలభై ఆరు. ఉగాదికి యాభై ఒకటి. అరవై ముళ్ళ దగ్గర మోటారు వేలాడుతోంది. నీళ్ళు దాని కిందికి పోతే అంతే సంగతులు. గంట నడిపేదాన్ని అరగంటకు తగ్గించాను. పిందెలు గోలీకాయలంత ఉన్నాయి. మధ్యాహ్నం పూట ఆకులు దొన్నెల మాదిరి ముడుచుకునేవి.

అప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నాలుగు రోజులు కరెంటు లేదు. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఊరికే తిరిగాను. ఐదో రోజు పొద్దున కరెంటు వచ్చింది. తాడు దించితే నలభై దగ్గరే టప్పుమంది. నమ్మలేక మళ్ళీ దించాను. నలభయ్యే.

పక్క పొలం మా మరిదిది. గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"ఎంతుండాది వదినా?"

"నలభై! పదకొండు ముళ్ళు పైకొచ్చినాయప్పా!"

"ఇంగేమి, వాల్వు మొత్తం ఇప్పు. చెట్లు సస్తాంటే నీళ్ళు దాసిపెట్టుకుంటావా? మా అన్న లెక్క మా అన్నతోనే పాయె."

తప్పు మరిది మీదకు నెట్టను. తిప్పింది నా చెయ్యి. అవి కొత్తగా ఊరిన నీళ్ళు కావని, నాలుగు రోజులు తోడక నిలిచిన నీళ్ళని నాకు తెలుసు. తెలిసీ తిప్పాను. గొట్టం నిండా నీళ్ళు పడ్డాయి. అన్ని నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో. పాదుల్లో కాళ్ళు పెట్టుకుని చిన్నపిల్ల మాదిరి కూర్చున్నాను. మొదటి వరుస తడిసింది, రెండోది తడిసింది. మూడో వరుసకు మళ్ళించేసరికి నీళ్ళు ఎర్రబడ్డాయి. తర్వాత ఇసుక. తర్వాత గొట్టం దగ్గినట్టు గాలి. నేను పరుగెత్తి స్విచ్చు ఆపేసరికే మోటారు బరబరమంటోంది.

తాడిపత్రి నుంచి మెకానిక్ సాయిబు వచ్చాడు. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, గొలుసుతో పైపులు ఒక్కొక్కటే పైకి లాగాడు. మోటారు విప్పి, లోపలి ఇసుక అరచేతిలో పోసి చూపించాడు.

"ఏమక్కా, ఇన్నేండ్లు బంగారం మాదిరి సూసుకున్న బోరు. ఏమైంది నీకు?"

ఆ ఇసుకను నా అరచేతిలోకి ఒంపుకున్నాను.

కంప్రెసర్‌తో గాలి కొట్టి బురద కక్కించాడు. మోటారు బాగుచేసి మళ్ళీ దించాడు. బిందె పెట్టి, ఎంతసేపట్లో నిండుతుందో చూశాడు. ఇంకో బిందె పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఊట సందుల్లో ఇసుక ఇరుక్కునిందక్కా. కొంచెం వచ్చింది, కొంచెం రాలేదు. ఇంగ ముందు వచ్చినదాంట్లో సగమే. అంతకు మించి అడిగితే అది గూడ పోతాది."

"పక్కన ఇంగో బోరు ఏపిద్దాం," అన్నాడు మరిది.

"ఏపించు. ఉండే నీళ్ళను రెండు నోళ్ళతో తాగుతావు. రెండూ ఒకే దినం ఎండుతాయి," అన్నాడు సాయిబు సామాన్లు సర్దుకుంటూ.

ఆ సగం నీళ్ళను ఆరు వరుసలకూ పంచి చూశాను. పది రోజులు. ఏ చెట్టుకూ చాలలేదు. పిందెలు రాలి పాదుల్లో పరుచుకున్నాయి. ఇట్లాగే పోతే ఆరు వరుసలూ ఒక్కసారే ఎండుతాయని తెలిసిపోయింది. పదకొండో రోజు బాట పక్కనున్న మూడు వరుసలకు నీళ్ళు ఆపి, కొట్టేవాళ్ళను పిలిపించాను. నీళ్ళు ఆపి ఊరుకుంటే రోజూ వాటి ఎదురుగా తిరగాలి కదా. అది నా వల్ల కాదు.

రంపం చప్పుడు విని మరిది పరుగెత్తుకొచ్చాడు.

"మా అన్న చేత్తో నాటిన చెట్లు వదినా! నీకు చేతులెట్ల వచ్చినాయి?"

"మీ అన్న ఉంటే మొదటి దినమే కొట్టేసుండేవాడు. నాకు అడిగేదానికి మనిషి లేక పది దినాలు పట్టింది."

అతను తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత వాళ్ళతో పాటు కొమ్మలు లాగడానికి వంగాడు. పచ్చి చీనీ కట్టె వాసన నా చీరకు రెండు ఉతుకులైనా వదల్లేదు.

మిగిలిన మూడు వరుసలూ నిలబడ్డాయి. మధ్యాహ్నం కూడా ఆకులు విప్పుకునే ఉంటున్నాయి. అట్టే కాయలు లేవు, ఉన్నవి ఊరుతున్నాయి. కొట్టేసిన వైపు ఖాళీ అయింది. ఇదివరకు చెట్లు అడ్డముండి కనబడని బాట ఇప్పుడు మోటారు షెడ్డు దగ్గర కూర్చుంటే కనిపిస్తుంది. పదకొండు గంటలకు తాడిపత్రి బస్సు పోతుంది. అది పోయాక మోటారు ఆపుతాను. మళ్ళీ వేయడానికి చాలాసేపు ఉంటుంది. ఇంటికి పోయినా చేసేదేం లేదు కాబట్టి అక్కడే కూర్చుంటాను.