కొత్తిమీర మడి మీద రాళ్లవాన

శివరాత్రి దాటిన వారం. చిల్కానగర్‌లో అపార్ట్‌మెంట్ల వెనుక అక్కాబావలకు ఇంకా మిగిలిన ఇరవై గుంటల్లో కొత్తిమీర జానెడు పెరిగి కోతకు వచ్చింది. ఆ నెలలో పొద్దున స్వెటర్ కావాలి, మధ్యాహ్నం గొడుగు కావాలి, సాయంత్రం సంగతి ఎవరూ చెప్పలేరు. నాచారం నుంచి నేను ఆదివారాలు సాయానికి వెళ్తాను. సాయం కంటే మూఢనమ్మకాల మీద ఉపన్యాసమే ఎక్కువని బావ అంటాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నమే అక్క కొడవలి తీసింది.

"ఇయ్యాల్నే కోద్దాం. వాన వస్తది."

తెల్లవారుజామున కోస్తే ఆకు తాజాగా ఉప్పల్ మార్కెట్‌కు చేరుతుంది. ముందు రోజే కోస్తే వాడుతుంది. నేను ఫోన్ తీసి చూపించాను. అందులో ఎండ బొమ్మ తప్ప ఏమీ లేదు.

"ఏ బల్లి చెప్పిందక్కా నీకు?"

"బల్లి కాదు తమ్మీ, మెడ. చెమట ఆరుతలేదు సూడు. గాలి గూడ తూర్పుకు తిరిగింది."

నేను నవ్వాను. బావ నా వైపే మొగ్గాడు. "సదువుకున్నోడు చెప్తుండు. రేపు కోద్దాం తియ్."

నాలుగింటికి ఉప్పల్ స్టేడియం వైపు ఆకాశం నల్లబడింది. షెడ్డు రేకుల మీద మొదటి వడగల్లు టప్పుమంది. అక్క గబగబా ఇంట్లోకి వెళ్లి రోకలి తెచ్చి వాకిట్లో పడేసింది. రోకలి బయట పడితే రాళ్లవాన ఆగుతుందని మా ఇళ్లలో నమ్మకం.

"రోకలికీ మబ్బుకూ ఏం సంబంధమక్కా..." అని మొదలుపెట్టాను.

"సంబంధం తర్వాత చెప్పు. జర ఆ కొస పట్టు."

ఎన్నికలప్పటి పాత ఫ్లెక్సీలు బావ షెడ్డులో దాచి ఉంచాడు. ముగ్గురం వాటిని మడుల గట్ల మీద బిగించి లాగి, అంచులకు ఇటుకలు పెట్టాం. చేతులు జోడించిన నాయకుల ముఖాల మీద రాళ్లు దబదబా పడుతున్నాయి.

"ఇన్నాళ్లకు పనికొచ్చిన్రు," అన్నాడు బావ, తల మీద తట్ట బోర్లించుకుని.

పావుగంటలో వాన ఆగింది. రోకలి ఉన్నా లేకున్నా రాళ్లవాన అంతకు మించి నిలవదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. నా తప్పు వేరే చోట ఉంది. చెమట ఆరకపోతే గాలిలో తేమ పెరిగినట్టు. అది బడి పుస్తకంలో ఉన్న విషయమే. అక్క నోట వచ్చినందుకు దాన్ని కూడా మూఢనమ్మకాల లెక్కలో వేశాను. పరీక్షించకుండా ఏదీ కొట్టిపారేయొద్దని వేదికల మీద ఊరందరికీ చెప్పేవాణ్ని నేనే.

ఫ్లెక్సీలు తీశాం. కప్పడానికి చాలక వదిలేసిన పక్క మడిలోని పాలకూర జల్లెడైంది. కొత్తిమీర కాస్త వాలింది గానీ ఆకు చిరగలేదు. అక్క ఒక రెమ్మ తుంచి, నలిపి, నా ముక్కు దగ్గర పెట్టింది.

"బతికింది. మబ్బు ఇంకా పోలే. ఇప్పుడు కోస్తవా, ఫోన్ సూస్తవా?"

ప్యాంటు మడిచి దిగాను. కరుగుతున్న వడగళ్లు పాదాలకు చల్లగా తగులుతుంటే చీకటి పడేదాకా కోశాం. కట్టలను తడి గోనె సంచుల మధ్య నిలబెట్టాం. అవి అనుకున్నంత వాడలేదు. మర్నాడు పొద్దెక్కకముందే బావ మార్కెట్ నుంచి ఖాళీ సంచులతో తిరిగి వచ్చాడు.